తూటా ఎక్కడ ఆగుతుంది? లానో కౌంటీలో ఒక డీర్ బ్లైండ్ కేస్ స్టడీ

వసంతకాలపు గాలివానకు పడిపోయిన బ్లైండ్‌ని, అంటే వేటగాడు జింకకు కనబడకుండా కూర్చునే కాళ్ల మీది పెట్టెని, లేపి, నాలుగు బోల్టులు ఎక్కువ వేసి, అదే చోట నిలబెట్టమని నన్ను అడిగారు. చోటు చూశాక నేను ఒప్పుకోలేదు. ఎందుకు ఒప్పుకోలేదు, బదులుగా ఎక్కడ కట్టాం, ఎలా కట్టాం, సీజన్‌లో అది ఎలా పనిచేసింది అన్నదే ఈ కేసు.

స్థలం టెక్సస్‌లోని లానో కౌంటీ. ఆస్టిన్ నుంచి వాయవ్యంగా కారులో గంటన్నర. ‘టెక్సస్ జింకల రాజధాని’ అని ఆ కౌంటీకి పేరు. టెక్సస్ భూమిలో అత్యధిక భాగం ప్రైవేటు వాళ్లదే కాబట్టి ఇక్కడ వేటంటే ఎక్కువగా లీజే. రాంచ్ యజమానికి సీజన్‌కి ఇంత అని కట్టి ఆయన భూమిలో వేటాడతారు. ఈ లీజు నాలుగు వందల ఎకరాలకు కాస్త తక్కువ, అందులో ఆవులు మేస్తుంటాయి. లీజు తీసుకున్న నలుగురిలో ఇద్దరు మనవాళ్లు. ఒకతను ఖమ్మం నుంచి వచ్చి ఆస్టిన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్న కుర్రాడు, అతనికి ఇదే మొదటి సీజన్. నేను స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని. సెలవు రోజుల్లో లీజుల మీద బ్లైండ్లు కట్టడం, పాతవి పరీక్షించి సరిచేయడం చాలా ఏళ్లుగా నా పని.

చదివేవాళ్లలో కొందరికి జింక వేట అనగానే మనసు ఒప్పుకోదని తెలుసు. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం, అలాగే ఉండాలి కూడా. ఇక్కడి పరిస్థితి వేరు. టెక్సస్‌లో తెల్లతోక జింకలు 50 లక్షలకు పైనే. వాటిని అదుపులో ఉంచే పెద్ద మాంసాహారులు ఈ ప్రాంతంలో దాదాపు లేవు. ఏ కౌంటీలో ఎన్ని వేటాడవచ్చో, ఏ తేదీల్లోనో రాష్ట్ర పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ డిపార్ట్‌మెంట్ నిర్ణయిస్తుంది. లైసెన్సుతో వచ్చే ట్యాగు కట్టకుండా జింకను అక్కడి నుంచి కదల్చకూడదు. ఈ ఏర్పాటులో వేటగాడి మీద మిగిలే బాధ్యత రెండు. ఒకటి, జంతువు బాధపడకుండా ఒక్క దెబ్బతో పోవాలి. రెండు, ఆ తూటా ఇంకెవరి దగ్గరికీ వెళ్లకూడదు. ఈ రెండూ ట్రిగ్గర్ దగ్గర కన్నా ముందు, ఆగస్టులో బ్లైండ్‌కి చోటు చూసేటప్పుడే సగం తేలిపోతాయి.

పాత చోటులో ఏముంది

పాత బ్లైండ్ తూర్పు వైపు గుట్ట నెత్తిన ఉండేది. అక్కడి నుంచి పడమటికి చూస్తే దిగువన ఫీడర్ (జింకల కోసం మొక్కజొన్న చల్లే డబ్బా), దాని వెనక మెస్కీట్ ముళ్లచెట్ల తోపు, ఆ వెనక కౌంటీ రోడ్డు. చూడ్డానికి అద్భుతంగా ఉంటుంది, అందుకే ఎవరో అక్కడ పెట్టారు. కానీ ఫీడర్ వెనక నేల చదునుగా సాగిపోయి రోడ్డును చేరుతుంది. జింకల వేటకు వాడే మామూలు రైఫిల్ తూటా, ఏదీ అడ్డు రాకపోతే, రెండు మూడు మైళ్లు పోగలదు. పైగా గుట్ట నెత్తి మీద పెట్టె ఆకాశానికి ఎదురుగా నల్లగా కనిపిస్తుంది, లోపల మనిషి కదిలితే జింకకు తెలిసిపోతుంది.

“అన్నా, పాత గుంటలు ఉన్నాయి కదా, వాటిలోనే నిలబెడితే ఈ వారాంతంలోనే అయిపోతుంది” అన్నాడు కుర్రాడు.

“నిలబడుతుంది తమ్ముడూ. నువ్వు కాల్చిన తూటా ఎక్కడ ఆగుతుందో నాకు చూపించు, ఇక్కడే కడదాం” అన్నాను. అతను ఫీడర్ వైపు చూశాడు, దాని వెనక చూశాడు. రోడ్డు మీద పాల డబ్బాలా మెరుస్తూ ఒక ట్రక్కు పోతోంది. ఇంకేం మాట్లాడలేదు.

తూటా లెక్క

ఎత్తు మీద కూర్చుంటే తూటా నేలలోకి దిగుతుంది కాబట్టి భయం లేదని చాలామంది అనుకుంటారు. కొంతవరకే నిజం. లెక్క వేసి చూద్దాం. నేల నుంచి 10 అడుగుల మీద బ్లైండ్ అంతస్తు, కూర్చున్న మనిషి చేతిలో రైఫిల్ మరో 3 అడుగుల పైన. అంటే తుపాకీ 13 అడుగుల ఎత్తున ఉంది. జింక 100 గజాల దూరంలో, అంటే 300 అడుగుల్లో ఉంది. తూటా తగిలే చోటు 3 అడుగుల ఎత్తున అనుకుందాం, నిజానికి గుండె ఇంకాస్త కిందే ఉంటుంది. తూటా 300 అడుగుల్లో 10 అడుగులు దిగింది, అంటే 30కి 1. జింకలోంచి అవతలికి వెళితే, చదును నేల మీద ఇంకో 90 అడుగులకు, అంటే 30 గజాలకు నేలను తాకుతుంది. అదే నేల మీద కూర్చుని 4 అడుగుల ఎత్తు నుంచి కాలిస్తే దిగేది ఒక్క అడుగే. అప్పుడు ఆ తూటా నేలను తాకడానికి ఇంకో 300 గజాలు కావాలి. ఎత్తు వల్ల ఇంత లాభం ఉంది. కానీ ఇది గురి కుదిరినప్పటి లెక్క. గురి రెండడుగులు పైకి పోయిందంటే ఈ 30 గజాలు చాలా పెరిగిపోతాయి. ఇక ఎముకకు తగిలిన తూటా దారే మారవచ్చు. అందుకే ఎత్తును నమ్ముకోవడానికి లేదు, వెనక మట్టి కావాలి.

లీజు మొత్తం తిరిగి చూస్తే అలాంటి మట్టి పాత బ్లైండ్ ఉన్న గుట్టే. అంటే చేయాల్సింది తిరగేయడం: గుట్ట మీద కూర్చుని చదును వైపు కాల్చే బదులు, చదునులో కూర్చుని గుట్ట వైపు కాల్చాలి. ఫీడర్‌ని గుట్ట మొదటికి జరిపి, బ్లైండ్‌ని దానికి పడమర, కొద్దిగా నైరుతికి, 100 గజాల్లో పెట్టాలని గీసుకున్నాం.

గాలి, ఎండ

వాస్తు పుణ్యమా అని దిక్కులూ మూలలూ తెలుగువాళ్లకు నోటికి వచ్చేసి ఉంటాయి, ఈ పనిలో అది బాగా పనికొస్తుంది. మధ్య టెక్సస్‌లో శరదృతువులో మామూలుగా వీచేది దక్షిణపు, ఆగ్నేయపు గాలి. చలిగాలి ఫ్రంట్ దిగినప్పుడు మాత్రం కొన్ని గంటల్లో ఉత్తరానికీ వాయవ్యానికీ తిరిగిపోతుంది. ఇక్కడివాళ్లు దాన్ని నార్దర్ అంటారు, జింకలు బాగా కదిలేది కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే. జింక కంటి కన్నా ముక్కును ఎక్కువ నమ్ముతుంది. మన వాసన ఫీడర్ మీదుగా పోయిందంటే ఆ పూటకు పని అయిపోయినట్టే.

బ్లైండ్‌ని ఫీడర్‌కి వాయవ్యంలో పెడితే ఆగ్నేయపు గాలికి అద్భుతం, కానీ నార్దర్ రోజున మన వాసన నేరుగా జింకల మీదకి పోతుంది. దక్షిణాన పెడితే దీనికి తారుమారు. పడమర, కాస్త నైరుతి అయితే ఏ గాలికీ అత్యుత్తమం కాదు, కానీ తరచూ వీచే నాలుగింటికీ సరిపోతుంది. ఆగ్నేయపు గాలికి వాసన వాయవ్యానికి పోతుంది, దక్షిణపు గాలికి ఉత్తరానికి, ఉత్తరపు గాలికి దక్షిణానికి. వాయవ్యపు గాలి ఒక్కటే కొంచెం దగ్గరగా పోతుంది, అయినా ఫీడర్‌ని తప్పించుకునే పోతుంది. పడమటి గాలి వీచే పూట ఆ బ్లైండ్ ఎక్కకూడదు, అంతే. ఆ మాట తలుపు లోపలి వైపు రాసి పెట్టాం.

తూర్పుకి తిరిగి కూర్చుంటే పొద్దున ఎండ కళ్లలో పడదా అని లీజులో ఒకాయన అడిగాడు. మంచి ప్రశ్న. నవంబరు మొదట్లో ఆ అక్షాంశం దగ్గర సూర్యుడు ఉదయించేది సరిగ్గా తూర్పున కాదు, దాదాపు 19 డిగ్రీలు దక్షిణానికి జరిగి. డిసెంబరు చివరికి 27 డిగ్రీల పైచిలుకు. మేం చూసేది తూర్పు కన్నా 15 డిగ్రీలు ఉత్తరానికి. అంటే మొదటి రోజునే సూర్యుడు గురికి కుడివైపు 34 డిగ్రీల దూరంలో ఉంటాడు, సీజన్ గడిచేకొద్దీ ఇంకా పక్కకు జరుగుతాడు. పైగా గుట్ట నీడ మొదటి అరగంట ఎండను ఆపుతుంది. చట్టం ఒప్పుకునే వేట వేళ సూర్యోదయానికి అరగంట ముందే మొదలవుతుంది కాబట్టి విలువైన సమయమంతా ఎండ రాకముందే దొరుకుతుంది. సాయంత్రం ఎండ వెనక నుంచి వచ్చి ఫీడర్ మీద పడుతుంది, అంతకన్నా ఏం కావాలి. బ్లైండ్ వెనక పడమట మూడు పెద్ద లైవ్ ఓక్ చెట్లున్నాయి, పెట్టె రూపు వాటిలో కలిసిపోయింది.

రాయిలో కాళ్లు

లానో నేల తెలంగాణ వాళ్లకు చూడగానే తెలిసిపోతుంది. గుండ్లు, పరుపుబండ, వాటి మధ్య మొరం. సుమారు 100 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ అది. మామూలుగా బ్లైండ్ కాళ్లకు వాడే మర లాంటి ఎర్త్ యాంకర్లు ఇక్కడ అడుగు దిగి ఆగిపోతాయి. పాత బ్లైండ్ పడిపోవడానికి కారణం అదే. యాంకర్లు పైపైనే ఉన్నాయి, కాళ్లు తమ బరువు మీదే నిలబడ్డాయి.

బరువు చాలదా? ఇదీ లెక్కే. పెట్టె 6 అడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల ఎత్తు, ముఖం 39 చదరపు అడుగులు. గంటకు 60 మైళ్ల గాలి అలాంటి పెట్టె మీద చదరపు అడుగుకు దాదాపు 12 పౌండ్లు నెడుతుంది. మొత్తం 470 పౌండ్లు, నేల నుంచి 13 అడుగుల 3 అంగుళాల ఎత్తున. పడదోసే శక్తి దాదాపు 6,200 ఫుట్-పౌండ్లు. బ్లైండ్ మొత్తం బరువు 900 పౌండ్లు అనుకుందాం, కాళ్లు బయటికి వంచి పెట్టి అడుగున 9 అడుగుల వెడల్పు తెచ్చాం అనుకుందాం. నిలబెట్టే శక్తి 900ని నాలుగున్నరతో గుణిస్తే 4,050 మాత్రమే. అంటే కట్టకపోతే పడుతుంది. టెక్సస్ పిడుగువానల్లో 60 మైళ్ల గాలి అరుదేమీ కాదు. కాళ్లు నిలువుగా పెట్టి అడుగున 6 అడుగులే ఉంచేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకుని చూడాలి.

నాలుగు కాళ్లలో రెండు బండ మీద పడ్డాయి. బండ కనిపించగానే డ్రిల్లు పెట్టేయకూడదు. గ్రానైట్ ఎండకూ చలికీ పొరలు పొరలుగా విడిపోతుంది. సుత్తితో కొడుతూ పోతే గట్టి చోట కంచు మీద కొట్టినట్టు మోగుతుంది, పొర విడిన చోట డొల్లగా పలుకుతుంది. మొదట సుద్దతో గుర్తు పెట్టుకున్న చోటు డొల్ల పలికింది. జానెడు జరిగితే ఖంగుమంది. అక్కడ హామర్ డ్రిల్లుతో రంధ్రం చేసి, దుమ్మంతా ఊది, బ్రష్షుతో తోమి, మళ్లీ ఊది, ఇపాక్సీ పోసి ఐ-బోల్టు దింపాం. దుమ్ము ఉన్న రంధ్రంలో ఇపాక్సీ దుమ్మును పట్టుకుంటుంది కానీ రాయిని పట్టుకోదు. మొరం వైపు రెండు మూలల్లో గడ్డపారతో రెండడుగుల గుంటలు తీసి, ఒక్కోదానిలో 80 పౌండ్ల కాంక్రీట్ బస్తాలు ఐదు కలిపి పోసి, గొలుసు పాతి, పైన మొరం కొట్టి దిమ్మిసా చేశాం.

కాళ్ల చివర్ల నుంచి ఈ నాలుగు చోట్లకు పావు అంగుళం స్టీల్ కేబుల్, మధ్యలో దాన్ని తిప్పి బిగించే మర, టర్న్‌బకిల్. కేబుల్ క్లిప్పులు ఎటు తిప్పి వేయాలో చాలామంది పట్టించుకోరు. బరువు మోసే తాడు మీద శాడిల్ (క్లిప్పులోని గాడి దిమ్మె) కూర్చోవాలి, యూ-బోల్టు వంపు తోక మీద, అంటే మడిచిన ఖాళీ కొస మీద ఉండాలి. తిరగేస్తే యూ-బోల్టు మోసే తాడునే నలిపి తెంపుతుంది. పాత బ్లైండ్ దగ్గర దొరికిన కేబుల్ ముక్కలో క్లిప్పులన్నీ తిరగేసే ఉన్నాయి.

రాంచ్ యజమాని, డెబ్భై దాటిన పెద్దాయన, ట్రక్కు దిగి వచ్చి కేబుళ్లు చూసి ఒకే మాట అన్నాడు: మేత నేలలో నిలబెట్టిన ప్రతి గుంజనూ ఆవు వీపు గోక్కునే గుంజ అనుకుంటుంది. నిజమే. కాళ్ల చుట్టూ, కేబుళ్లు కలుపుకుని, పశువుల ప్యానెల్ కంచె వేశాం. ఫీడర్‌కి వేరే ప్యానెల్. అది లేకపోతే మొక్కజొన్న ఆవులకూ అడవి పందులకూ పోతుంది. జింక దాన్ని అలవోకగా దూకుతుంది. ఆ ప్యానెల్ కోసే పని మాత్రం బోల్ట్ కటర్‌తోనే చేయించాను. ఆగస్టు ఎండుగడ్డిలో గ్రైండర్ రవ్వ ఒక్కటి చాలు. ఎండలు ముదిరితే కౌంటీలే బర్న్ బ్యాన్ పెడతాయి, అంటే బయట మంట పెట్టకూడదు.

పెట్టె

పెట్టె గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ట్రీటెడ్ కలప, 4×4 కాళ్లు, స్టీల్ మూల బ్రాకెట్లు, నాలుగు వైపులా ఇంటూ గుర్తులా ఆనుబద్దలు, ముప్పావు అంగుళం ప్లైవుడ్ నేల. బరువు మోసే ప్రతి అతుకూ బోల్టు, వాషర్, నట్టు. డెక్ స్క్రూలు గట్టిగా పట్టుకుంటాయి కానీ పక్క బరువు పడితే పుటుక్కున తెగుతాయి. నేల పరిచేటప్పుడు రసమట్టం పెట్టి, మూల నుంచి మూలకు రెండు వైపులా కొలిచి సమానం చేసుకుంటే తర్వాత కిటికీలు పట్టవు అనే బాధ ఉండదు. లోపల మెరుపు లేని నల్ల రంగు, నేల మీద పాత కార్పెట్. కిటికీ కీలుకు నూనె వాసన తగలకుండా కొవ్వొత్తి రుద్దాం. ఎదురు గోడ కిటికీ తెరిచి ఉంచకూడదు, వెలుతురు వెనక నుంచి వస్తే లోపలి మనిషి నీడబొమ్మ అవుతాడు.

ఎక్కే దారి మీద మాత్రం నేను పట్టుబట్టాను. ఎత్తు బ్లైండ్లలో గాయాలకు పెద్ద కారణం పడిపోవడమే. నిట్టనిలువు నిచ్చెన వద్దని వాలు మెట్లు, రెండు వైపులా చేతిపట్టు, పైన తలుపు ముందు నిలబడటానికి చిన్న వేదిక. రైఫిల్ భుజాన వేసుకుని ఎక్కేది లేదు. గుళ్లు తీసి, యాక్షన్ (గుండు ఎక్కించే భాగం) తెరిచి, గొట్టం కిందికి ఉండేలా తాడుకు కట్టి, పైకి చేరాక లాక్కోవాలి. చీకట్లో కూడా దొరికేలా ఆ తాడుకు లావు ముడి వేశాం.

కందిరీగలు మరో మాట. టెక్సస్ బ్లైండ్‌లో వేసవంతా ఎర్ర కందిరీగలు కాపురం పెడతాయి. పది అడుగుల మీద వాటికి దొరికిన మనిషి మెట్లు చూసుకుని దిగడు. పాత కిటికీలు విప్పేటప్పుడు పొద్దున్నే, చల్లగా ఉండి అవి మందంగా ఉన్నప్పుడు, మందు కొట్టాం. సీజన్‌కి వారాల ముందే కొడితే వాసన పోతుంది. కింద పేర్చిన కలప ఎత్తేటప్పుడు చేతి తొడుగులు, ముందు కర్రతో కదిపి చూడటం: తేలు ఉంటుంది, రాటిల్ స్నేక్ కూడా ఉండొచ్చు.

వీసా మీద ఉన్నవాళ్లకు

కుర్రాడు హెచ్-1బి మీద ఉన్నాడు. ఈ సంగతి మనవాళ్లు తెలుసుకోవాలి. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. మినహాయింపుల్లో ఒకటి, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండటం. టెక్సస్ లైసెన్సు ఆగస్టు 31తో ముగుస్తుంది, కొత్త ఏడాదివి ఆగస్టు 15 నుంచి అమ్ముతారు. మేం పని చేసింది సరిగ్గా ఆ రోజుల్లోనే. సెప్టెంబరు 1న రైఫిల్ గురి సరిచూసుకోవడానికి రేంజ్‌కి పోతూ పాత లైసెన్సు జేబులో పెట్టుకుంటే అది కాగితం ముక్క. అమెరికన్‌కి అది పట్టనే పట్టదు, వీసా మీద ఉన్నవాడికి అది భవిష్యత్తు. కొత్త లైసెన్సు చేతికొచ్చాకే రైఫిల్ ముట్టుకోమని చెప్పాను, ఇమిగ్రేషన్ లాయర్‌తో కూడా ఒకసారి మాట్లాడమన్నాను. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన వేటగాళ్లకు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు ఉండాలి. అది అతను వేసవిలోనే పూర్తి చేశాడు.

సీజన్‌లో

విల్లు సీజన్ సెప్టెంబరు ఆఖర్లో గానీ అక్టోబరు మొదట్లో గానీ మొదలవుతుంది, రైఫిల్ సీజన్ నవంబరు మొదటి శనివారం. విల్లు సీజన్‌కి ముందే పని ముగించాం. కొత్తగా వచ్చిన పెట్టెను జింకలు పట్టించుకోవడం మానేయడానికి కొన్ని వారాలు పడుతుంది. అక్టోబరులో వచ్చిన మొదటి నార్దర్ బ్లైండ్‌ని బాగానే పరీక్షించింది. తర్వాత వెళ్లి చూస్తే ఉత్తరం వైపు కేబుళ్లు కాస్త వదులయ్యాయి, టర్న్‌బకిల్ తిప్పి లాగి, వైరు కట్టి బిగించాం.

ఆ ఏడాది లైవ్ ఓక్ కాయలు విరగకాశాయి. ఓక్ కాయ దొరికినంత కాలం జింక మొక్కజొన్న ముఖం చూడదు. మొదటి వారాంతం ఫీడర్ దగ్గరికి పెద్దగా ఏవీ రాలేదు. మంచి మగ జింక ఒకటి మాత్రం ఎడమవైపు, అటున్న వేరే ఓక్ చెట్ల కింద నిలబడి కాయలు ఏరుకుంటోంది. కిటికీ గడప మీద మేం తెల్ల టేపు ముక్కలు రెండు అంటించి ఉంచాం. వాటి మధ్యలో కాలిస్తే వెనక గుట్ట ఉంది. వాటికి అవతల లేదు. జింక ఎడమ టేపుకి అవతల ఉంది. కుర్రాడు స్కోపులోంచి చూశాడు, కాల్చలేదు. “టేపు దాటి ఉంది అన్నా, వదిలేశా” అని మెసేజ్ పెట్టాడు. ఈ కేసు మొత్తంలో నాకు అన్నిటికన్నా సంతోషం కలిగించిన విషయం ఇదే.

తర్వాత ఓక్ కాయలు తగ్గాక, ఒక సాయంత్రం ఫీడర్ పక్కన ఆడ జింకను కొట్టాడు. ముందుకాలి వెనక, ఒక్కటే దెబ్బ. అది నలభై గజాలు కూడా పోలేదు. ట్యాగు కట్టి, మాంసం చల్లబెట్టే ఏర్పాటు చేశాక, తూటా ఎక్కడికి పోయిందో వెతకమన్నాను. జింక నిలబడిన చోటు నుంచి బ్లైండ్‌కి ఎదురు గీతలో నడిస్తే, పదిహేను గజాలు దాటకుండానే గుట్ట మొదట్లో మొరం చిమ్మి ఉంది, వేలు పట్టేంత గాడి. నేల పైకి లేస్తుంది కాబట్టి చదును లెక్కలోని 30 గజాల కన్నా ముందే ఆగింది.

సీజన్ ముగిశాక ఫిబ్రవరిలో బోల్టులన్నీ మళ్లీ బిగించాం. ట్రీటెడ్ కలప కొన్నప్పుడు తడిగా ఉంటుంది, ఆరేకొద్దీ సన్నబడుతుంది, నట్లు వదులవుతాయి. కొన్ని ముప్పావు చుట్టు తిరిగాయి. మొరం వైపు ఒక కాలి కింద బ్లాకు అర అంగుళం దిగింది, జాకీతో ఎత్తి స్టీల్ పలక దూర్చాం. బండ వైపు ఐ-బోల్టులు అంగుళంలో వందో వంతు కూడా కదల్లేదు. ఆగస్టులో మళ్లీ చూడాల్సినవి ఆ మొరం కాలు, కేబుల్ క్లిప్పులు, మెట్ల కింది మెట్టు. ఆ మెట్టు మట్టికి తగిలి తడి పీలుస్తోంది, దాని కింద రాయి పెట్టాలి.